చేవెళ్ల మొదలు ఇచ్ఛాపురము వఱకు

శాసనసభలో ప్రభుత్వపక్షమున కెదురుగా కూర్చుండువారిని మనము ప్రతిపక్షమని పిలుచుచున్నాము. వారి పని యేమని యడిగినచో, ప్రభుత్వము చేయు ప్రతిపనిని కాదనుటయే యని పెక్కురు నవ్వుచు చెప్పుదురు. ఆ నవ్వులో కొంత సత్యము లేకపోలేదు. కాని యెప్పుడో యొకప్పుడు ప్రతిపక్షమున నున్నవాడు ప్రభుత్వపు లెక్కలలో కానరాని మనుష్యుని గూర్చి యడుగును. కాలము కలిసివచ్చినచో ఆ ప్రశ్నకు ప్రభుత్వములే మాఱిపోవును. 1999 మొదలు 2004 వఱకు ఆంధ్రప్రదేశ శాసనసభలో ప్రతిపక్షనాయకుడుగా నుండిన వై. యస్. రాజశేఖరరెడ్డిగారు వ్యవసాయమును, విద్యుత్తును, వైద్యమును గూర్చి ప్రభుత్వము నడిగిన ప్రశ్నను, ఆ ప్రశ్నకు పిమ్మట ఆయనయే యిచ్చిన సమాధానమును మే మిచ్చట పరిశీలింపదలచితిమి. ఆయన జీవితచరిత్ర మంతయు వ్రాయుట మా యుద్దేశము కాదు. ఆయనను దేవునివలె కొలుచువారును, ఆయన పేరెత్తినంతనే కోపగించువారును మన యిండ్లలో నేటికిని గలరు. ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చుండి వాదించుకొనువారిని మే మెఱుగుదుము. ఉభయులును కొంచెముసేపు ఓర్పు వహింపవలెనని కోరుచున్నాము.

ఈ కథకు మొదలు శాసనసభలో లేదు, బావిలో నున్నది. కృష్ణాగోదావరీ డెల్టాల రైతునకు నీరు కాలువలో వచ్చును. ధవళేశ్వరముకడ ఆనకట్ట 1852లో ముగిసినది మొదలు గోదావరి డెల్టాలో పొలమునకు నీరు తెచ్చుట సర్కారువారి పని యైనది. రైతు నీటితీరువ కట్టి మడికి నీరు పెట్టుకొనును. తెలంగాణమునందును రాయలసీమయందును అట్లు కాదు. అచ్చట పూర్వము చెఱువే యాధారము. పూడిక తీయుట, కట్టకు మన్ను పోయుట, తూముకడ నీరు వదలుటకు నీరటికాని నియమించుట మొదలగునవి యన్నియు ఊరుమ్మడి పనులు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి దశాబ్దములలో చెఱువులు పూడిపోయెను. శిఖము భూములు సాగులోనికి వచ్చెను. ఆయకట్టు నానాటికి తఱిగెను. చెఱువెండినచోట రైతు బావి త్రవ్వెను. బావి యెండినచోట బోరు వేసెను. మోటకు బదులు మోటారు వచ్చెను. చెఱువు ఊరిది గనుక అది యెండినపుడు ఊరంతయు కూడి విచారించెడిది. బోరెండినపుడు ఆ యింటివారు మాత్రమే కూర్చుండి యేడ్తురు.

ఇచ్చట నొక్క మాట. విద్యుచ్ఛక్తి యను పదమును పండితులు శ్రమపడి కూర్చిరి. అది పుస్తకములలో మిగిలెను. పొలము గట్టున మాత్రము అది కరెంటు గానే యున్నది. రైతు విషయమున రైతు మాటయే మేలని మేమును తఱచుగా కరెంటనియే వ్రాయుచున్నాము. చదువరులు క్షమింతురుగాక.

బోరు వేయుట జూదమువంటిది. యంత్రపులారి వచ్చి అడుగున కింత యని లెక్కగట్టి రాతిని తొలుచును. నీరు పడిన పడినట్లు, లేనిచో ధూళి వచ్చును. లారివాని కూలి మాత్రము రెండుతెఱగుల నొక్కటియే. ఒకటి విఫలమైనచో రైతు రెండవది వేయించును. అదియు పోయినచో మూడవది. భార్య మెడలోని పుస్తెలు మొదటి బోరునకే కుదువకు పోవును. తరువాతి వానికి విత్తనముల యంగడివాడే యప్పిచ్చును. ఆ యంగడివాడే ఎరువులును పురుగుమందులును అరువిచ్చువాడు, పంట చేతికి వచ్చినపుడు ధర నిర్ణయించి కొనువాడును అతడే. 1997-98లో ఓరుగల్లు ప్రాంతమున ప్రత్తిపైరును లద్దెపురుగు తినివేసినపుడు, ఎన్ని మందులు చల్లినను పురుగు చావకపోగా, ఆ మందునే త్రాగి రైతులు ప్రాణములు విడిచిరి. తెలుగుదేశమున రైతుల యాత్మహత్యలు పత్రికలలో నిత్యవార్తలైనది అప్పటినుండియే.

అట్టి రైతునకు కరెంటు ఎట్లు వచ్చుచుండెను? పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక, వచ్చినంతనే దానంతట అదే మోటారు తిరుగునట్లు ఒక మీట నమర్చుకొని రైతు నిద్రపోవును. ఊరిలోని వారందఱును అట్లే చేయుదురు. కరెంటు వచ్చిన క్షణముననే మోటారులన్నియు ఒక్కమాఱు లేచును. ట్రాన్స్‌ఫార్మరు ఆ బరువు మోయలేక కాలిపోవును. అది కాలకున్న వోల్టేజి పడిపోయి మోటారు కాలును. కాలిన ట్రాన్స్‌ఫార్మరును రైతులే చందాలు వేసికొని ట్రాక్టరు మీద పట్టణమునకు గొనిపోయి బాగుచేయించుకొనుట సామాన్యమైన విషయము. ఆ దినములలో పైరు ఎండును. నడిరాత్రి చీకటిలో మీట వేయబోయి పాముకాటుననో, తెగిన తీగ తగిలియో చచ్చినవారి సంఖ్య యే శాఖవారి నివేదికలోను నిండుగా కనబడదు.

ఇక ప్రభుత్వమువారి పక్షము. వారికిని న్యాయమైన చింత యొకటి యుండెను. దానిని దాచుట ధర్మము కాదు. 1980ల మొదలుగా రైతు వాడిన కరెంటునకు మీటరు లేదు. మోటారు ఎన్ని హార్సుపవర్లదో దానినిబట్టి సంవత్సరమున కింత యని నామమాత్రపు రుసుము. మీటరు చదువువాని బెడదయు, వాని లంచమును తొలగుటచేత రైతునకది సుఖముగానే యుండెను. కాని విద్యుచ్ఛక్తి బోర్డువారికి తాము రైతునకెంత యిచ్చుచున్నారో తెలియకుండబోయెను. తీగలలో పోయినదియు, పట్టణములలో దొంగిలింపబడినదియు, కర్మాగారముల మీటరులలో మాయమైనదియు నన్నియు రైతు పద్దులోనే వ్రాయబడెను. ఉదారునివలె కనబడుట బోర్డునకును సులభముగానే యుండెను. తరువాత లెక్కలు సరిచూచినపుడు, రైతు వాడెనన్న దానిలో కొంత తగ్గి, నష్టము పద్దు పెరిగిన సంగతి బయటపడినది. నిజమైన నష్టము మాత్రము ఏటేట పెరుగుచునే యుండెను.

నారా చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టము చేసిరి. 1999 ఫిబ్రవరి 1న బోర్డును చీల్చి ఉత్పత్తి కొక సంస్థను, ప్రసారమున కొక సంస్థను ఏర్పఱచిరి. 2000లో పంపిణీకి నాలుగు సంస్థలు పుట్టెను. ధరలు నిర్ణయించుటకు వేఱుగా నియంత్రణమండలి నిలిచెను. దీనికంతకును ప్రపంచబ్యాంకు ఋణము వెన్నుబలము. ఈ మండలియెదుట సామాన్యుడును వచ్చి తన యభ్యంతరము చెప్పుకొనవచ్చునన్న నియమము మెచ్చదగినది. పూర్వము ధర పెంచుట గదిలో తలుపు వేసికొని చేయుపని. ఇప్పు డది బహిరంగవిచారణకు వచ్చెను. ఈ గౌరవమును సంస్కర్తల కీయకపోవుట అన్యాయము.

అయినను ఆ సంస్కరణకు వెనుక నొక దృష్టి యుండెను. 1999 ఆరంభమున ప్రభుత్వము ప్రకటించిన ‘విజన్ 2020’ అను గ్రంథమున, వ్యవసాయముపై నాధారపడిన ప్రజలు నూటికి 70 మందినుండి 40 మందికి తగ్గుదురని వ్రాయబడెను. ప్రపంచమునం దనేక దేశములలో నట్లు జరిగిన మాట నిజమే. అయితే మిగిలిన 30 మంది ఏ పనికి పోవుదురు, ఏ యూర నుందురు, పోవులోపల వారి బోరునకు నీరెట్లు వచ్చును అను ప్రశ్నలకు అందలి సమాధానములు పలుచగా నుండెను. పొలము విడిచి పోవలసినవాడు తానేనని రైతు గ్రహించుటకు మాత్రము ఆ గ్రంథమును చదువవలసిన యవసరము కలుగలేదు.

1999 ఎన్నికలలో తెలుగుదేశము 180 స్థానములును, కాంగ్రెసు 91 స్థానములును గెలిచెను. ప్రతిపక్షనాయకుడైన రాజశేఖరరెడ్డిగారు కడప జిల్లావారు, వృత్తిచేత వైద్యులు. గుల్బర్గాలో వైద్యము చదివి, జమ్మలమడుగు మిషను వైద్యశాలలో కొంతకాలము పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేర వైద్యశాల నెలకొల్పిరి. 1978లో మొదటిసారి శాసనసభకు వచ్చిరి. స్వపక్షమునందును ముఖ్యమంత్రులకు అసమ్మతిపరుడుగా చిరకాలము పేరుగాంచినవారు. వర్షము లేని నేలమీద పుట్టినవానికి బోరును గూర్చి యొకరు చెప్పనక్కఱలేదు. వైద్యునికి అప్పునకును రోగమునకును గల చుట్టఱికమును గూర్చియు చెప్పనక్కఱలేదు.

2000 సంవత్సరమున కరెంటు ధరలు పెరుగగా దేశమంతటను అలజడి పుట్టెను. ఇచ్చట చరిత్రను వక్రింపరాదు. ఈ యుద్యమమును ఊరూర తిప్పినవారు ప్రధానముగా వామపక్షములవారు. గ్యాసుతో నడచు ప్రైవేటు కేంద్రములతో ప్రభుత్వములు చేసికొన్న కొనుగోలు ఒప్పందములను, కరెంటు కొన్నను కొనకున్నను కట్టవలసిన స్థిరరుసుములను చదివి ప్రజలకు తెలియజెప్పిన శ్రమలో అధికభాగము వారిది, వారితో కలిసిన కొందఱు ఇంజనీరులది. కాంగ్రెసువారు వారితో కలిసిరి. శాసనసభ్యులతోగూడ రాజశేఖరరెడ్డిగారు హైదరాబాదున నిరాహారదీక్షకు కూర్చుండిరి. ఆగస్టు 28వ తేదీన శాసనసభకు సాగిన యూరేగింపును బషీరుబాగులో పోలీసులు ఆపిరి. గుఱ్ఱములు, నీటిఫిరంగులు, లాఠీలు, తుదకు తుపాకులు. ముగ్గురు మరణించిరి. ధర తగ్గింపుమని యడుగ వచ్చినవారికి గుండు తగులుట తెలుగువారు మఱవలేదు. ఇరువదియేండ్లు గడచిన తరువాతను ఏటేట ఆ దినమున అచ్చట పూలు పెట్టువారు కలరు.

అప్పటినుండి ప్రతిపక్షనాయకుని కోరిక సూటిగా తేలెను: సేద్యపు మోటారునకు కరెంటు ఉచితముగా నీయవలెను. ప్రభుత్వమును, దానితో పాటు పెక్కుమంది యర్థశాస్త్రజ్ఞులును దీనిని పరిహసించిరి. ఊరక వచ్చిన వస్తువునకు విలువ యుండదనియు, నీరు వృథా యగుననియు, ఖజానా శూన్యమగుననియు, పరిశ్రమలకు కరెంటు చాలదనియు వారి వాదము. ఉచితము కోరువారి సమాధానమున ఒక యంశము మాకు మిక్కిలి బలమైనదిగా తోచుచున్నది. డెల్టారైతునకు ఆనకట్టయు కాలువయు ప్రజాధనముతో కట్టబడెను. అతడిచ్చు తీరువ కాలువ మరమ్మతునకైన చాలదు. మెట్టరైతు తన యప్పుతో తానే బోరు వేసికొని, తానే మోటారు కొని, తానే ట్రాన్స్‌ఫార్మరు మోసికొని పోవుచున్నాడు. నీటికై ప్రజాధనము ఒకనికి వందయేండ్లనుండి ధర్మమై, రెండవవానికి మాత్రము దుబారా ఎట్లగును? ఈ ప్రశ్నను మెట్టసీమల రైతులు తమలో తాము ఎప్పటినుండియో యడుగుకొనుచున్నారు. ప్రతిపక్షనాయకుడు దానికి శాసనసభలో చోటిచ్చెను.

2002లో కఱవు వచ్చెను. చెఱువులు నెఱ్ఱెలు విచ్చెను. పశువులను సంతలో అడిగినంతకు తెగనమ్మిరి. పాలమూరు కూలీలు మూటలు నెత్తికెత్తుకొని దూరదేశములకు పోయిరి. మఱుసటి వేసవిలో, 2003 ఏప్రిల్ 9వ తేదీన, రాజశేఖరరెడ్డిగారు చేవెళ్లలో నడక మొదలిడిరి. తెలంగాణపు జిల్లాలగుండ నడచి, గోదావరి దాటి, తీరము వెంబడి ఉత్తరముగా పోయి, జూన్ 15న ఒరిస్సా సరిహద్దున నున్న ఇచ్ఛాపురమున ముగించిరి. దూరము సుమారు 1,475 కిలోమీటరులు. వేసవి మూడు నెలలలో అతిభయంకరమైన భాగమంతయు ఈ నడకలోనే గడచెను. రాజమహేంద్రవరము చేరునప్పటికి వడదెబ్బ తగిలి కొన్నిదినములు మంచము పట్టిరి. వైద్యుడు రోగి కాగా, ఆ కొన్నిదినములు నడకయు ఆగెను. ఆయనను మెచ్చనివారుసైతము ఎన్నికల యెత్తుగడకు ఇంతటి యెండ అవసరము లేదని యప్పుడు అనుకొనిరి.

నాయకులు నడచుట మనకు క్రొత్త కాదు. దండికి గాంధిమహాత్ముడు నడచెను. భూదానమునకై వినోబా పోచంపల్లినుండి నడచెను. నడకలో నొక గుణ మున్నది. మోటారుకారులో పోవువాడు చూడదలచుకొన్నదే చూచును. నడచువానికి ఎదురుపడినవెల్ల చూడక తప్పదు. కరెంటును గూర్చి మాటాడుటకు బయలుదేరినవానికి దారిలో అర్జీలు వచ్చెను. వానిలో రోగమును గూర్చినవి మెండుగా నుండెననియు, గుండెజబ్బు గల బిడ్డలను చంక నెత్తుకొని తల్లులు దారిలో నిలిచిరనియు ఆ నడకలో పాల్గొన్నవారు చెప్పుదురు. ఇది యాశ్చర్యమును గొలుపదు. మన పల్లెలలో అప్పు పుట్టు ద్వారములు మూడు: బోరు, పెండ్లి, ఆసుపత్రి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వైద్యుడు లేక, జిల్లా వైద్యశాలలో మందు లేక, పట్టణపు ప్రైవేటు వైద్యశాలకు పోయిన సంసారము ఎకరము అమ్మికొని తిరిగివచ్చును. ఎండిన బోరునకును, నయముకాని రోగమునకును వడ్డీ వసూలు చేయువా డొక్కడే.

2004 ఏప్రిల్ ఎన్నికలలో కాంగ్రెసునకు 185 స్థానములు వచ్చెను; తెలుగుదేశమునకు 47 మిగిలెను. మే 14న హైదరాబాదు లాల్‌బహదూర్ క్రీడామైదానమున ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసి, ఆ వేదికమీదనే ఉచితవిద్యుత్తు కాగితముపై రాజశేఖరరెడ్డిగారు మొదటి సంతకము పెట్టిరి. పాత కరెంటు బకాయీలును రద్దయ్యెను. నిన్నటివఱకు అసాధ్యమని వాదింపబడిన పని ఒక్క నిమిషమున జరిగెను.

ఇక దాని ఫలము. ఖజానా శూన్యము కాలేదు. ఏటేట వేలకోట్లు మాత్రము పోవుచున్నవి. ఆదాయపుపన్ను కట్టువారికిని, పెద్ద కంపెనీలకును ఉచితము లేదని పిమ్మట నియమము చేసిరి. మోటారులకు కెపాసిటరులు పెట్టవలెననిరి, కొందఱు పెట్టిరి. దినమునకు ఏడుగంటల కరెంటు, అదియు పగలు కొంత రాత్రి కొంత. బిల్లు పోయినది గాని చీకటి పోలేదు. ఇరువది లక్షలకు మించిన మోటారులు ఒకే భూగర్భమునుండి నీరు తోడగా, బోరులు మఱింత లోతునకు దిగెను. భూగర్భజలమును కాపాడుటకు నీరు, భూమి, చెట్లను గూర్చిన చట్టమొకటి 2002లో, అనగా ఆయన యెదిరించిన ప్రభుత్వపు కాలముననే, పుట్టియుండెను. కొత్త బోరునకు అనుమతి కావలెననియు, బోరునకును బోరునకును ఎడముండవలెననియు దాని యుద్దేశము. దానిని గట్టిగా నమలుచేసిన ప్రభుత్వము మాకు కనబడలేదు. కరెంటు ఇచ్చుట ఒక్క సంతకపు పని. నీటిని పంచుట యూరిలో ఇరుగుపొరుగుల వైరమును తెచ్చు పని. ఏ నాయకుడైనను దేనిని ముందు చేయునో చెప్పనక్కఱలేదు.

వైద్యమున కూడ నిట్లే జరిగెను. 2005 ఆగస్టు 15న 108 సంఖ్యకు టెలిఫోను చేసిన వచ్చు బండ్లు మొదలాయెను. ప్రసవవేదనపడు స్త్రీకిని, దారిలో దెబ్బతిన్నవానికిని ఆ బండి చేసిన మేలును కొనియాడని యూరు లేదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ అనంతపురము, మహబూబునగరు, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, తరువాత రాష్ట్రమంతటను వ్యాపించెను. తెల్లకార్డు గల కుటుంబమునకు, పట్టికలోని పెద్దజబ్బునకు సంవత్సరమున లక్షన్నర రూపాయల వఱకు, అవసరమైన మఱియొక యేబదివేలు అప్పుడు ప్రభుత్వము చెల్లించుచుండెను. గుండెలో రంధ్రముతో పుట్టిన కూలివాని బిడ్డకు నగరములో శస్త్రచికిత్స జరుగుట అంతకుముందు కలలో మాట. ఆ తల్లులయెదుట నిలిచి ఈ పథకమును తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. అయినను చెప్పవలసినది చెప్పక తప్పదు. అప్పటి పట్టికలో జ్వరము లేకుండెను, విరేచనములు లేకుండెను, నెలనెల కొనవలసిన రక్తపుపోటు మాత్రలు లేకుండెను. పల్లెవాని ధనము దినదినము పోవునది వీనికే. పట్టికలోని జబ్బులకు ప్రభుత్వము చెల్లించిన సొమ్ములో పెద్దపాలు ప్రైవేటు వైద్యశాలలకు చేరెను. పల్లెలోని ఆరోగ్యకేంద్రము తాళముతోనో, తాళము తీసినను వైద్యుడు లేకయో మిగిలెను. స్వయముగా చిన్నయూరి వైద్యశాలలో నాడి పట్టిన ముఖ్యమంత్రి పాలనలోనే యిది జరుగుట మాకు చింత గొలుపుచున్నది.

మఱియొక విషయము చరిత్రకారుడు విడువరాదు. ఒకనాడు ఉచితమును కాదన్న పక్షము కూడ కాలక్రమమున దానిని తీసివేయుటకు సాహసింపలేదు. 2009 సెప్టెంబరు 2న, పల్లెల కష్టములు వినుటకు రచ్చబండకని బయలుదేరిన రాజశేఖరరెడ్డిగారు నల్లమలలో హెలికాప్టరు కూలి మరణించిరి. అప్పటికి ప్రతిపక్షమున నున్న చంద్రబాబునాయుడుగారు 2012 అక్టోబరు 2న హిందూపురమునుండి తామును కాలినడకను బయలుదేరి, రైతుల ఋణములు మాఫీ చేసెదమని చెప్పిరి. 2017లో రాజశేఖరరెడ్డిగారి కుమారుడును ప్రతిపక్షనాయకుడుగా ఇడుపులపాయ మొదలు అదే ఇచ్ఛాపురమునకు నడచెను. విడివడిన తెలంగాణరాష్ట్రము 2018 జనవరి 1నుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల యుచితవిద్యుత్తు ప్రకటించెను. ప్రశ్న యడిగినవాని పక్షము ఓడినను గెలిచినను, ప్రశ్న గెలిచెనని చెప్పవచ్చును.

కాని ఏ రైతును గూర్చిన ప్రశ్న? మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మిదియే. ఉచితవిద్యుత్తు మోటారు గలవానికి చేరును. బోరు వేయ శక్తిలేక వానమీదనే జొన్నయు కందియు పండించువానికి తీగయే లేదు, ఉచిత మేమగును? మఱి కౌలురైతు? బోరు యజమానిది, కరెంటు యజమాని పేర. ఉచితము వచ్చిన మఱుసటియేడే కౌలు పెంచిన యజమానులు కలరు. నీరున్న పొలమునకు కౌలు హెచ్చుట లోకసహజము. ఇక స్త్రీలు. విత్తు నాటుట, కలుపు తీయుట, ప్రత్తి యేరుట, పశువును మేపుట స్త్రీ పని. పట్టా మాత్రము పురుషుని పేర. మన సర్కారుభాషలో రైతు అనగా పట్టాదారు. ఇంత చిన్న నిర్వచనము ఎంతమందిని తలుపు వెలుపల నిలిపినదో, మన యిండ్లలో వడ్లు తూర్పారబట్టుచు నిలిచిన స్త్రీలను చూచి గూడ మనము గ్రహింపమైతిమి.

2004 జూన్‌లోనే కొత్తప్రభుత్వము 421 సంఖ్య గల యుత్తరువు చేసి, ఆత్మహత్య చేసికొన్న రైతు కుటుంబమునకు లక్ష రూపాయలును, అప్పులవారితో పరిష్కారమునకు మఱి యేబదివేలును ఈయవలెనని నిర్ణయించెను. అంతకుముందు ఆ చావులను త్రాగుడునకో, సంసారకలహమునకో అంటగట్టిన అధికారులకిది చెంపపెట్టు. నిజముగా రైతేనా, నిజముగా సేద్యపుటప్పేనా యని తేల్చుటకు రెవెన్యూ, పోలీసు, వ్యవసాయశాఖల యుద్యోగులు ముగ్గురు విచారణకు వత్తురు. వారు పట్టా అడుగుదురు, అప్పుపత్రము అడుగుదురు, శవపరీక్ష కాగితము అడుగుదురు. కౌలు నోటిమాటమీద జరిగినది. అప్పు అంగడివాని చిట్టాలో నున్నది. చచ్చినది స్త్రీయైనచో, ఆమె రైతా యను ప్రశ్నకే సమాధానము దొరకదు. బ్రదికిన భార్యకు పరిహారము రాకున్నను అప్పులవాడు మాత్రము వచ్చును.

అదే సంవత్సరమున జయతీ ఘోష్‌గారి అధ్యక్షతను ప్రభుత్వము నియమించిన రైతుసంక్షేమసంఘము కౌలుదారుల పేరులు నమోదు చేయవలెనని గట్టిగా సలహా యిచ్చెను. దానికి చట్టరూపము వచ్చునప్పటికి 2011 అయ్యెను. కౌలుదారునకు ఏడాదిపాటు చెల్లునట్టి ఋణార్హతకార్డు నిచ్చు చట్టమది. ఏటేట మరల అర్జీ పెట్టుకొనవలెను. బ్యాంకువారు కార్డును చూచి తలయూపిరి గాని, అప్పిచ్చినది కొందఱికే. 2019లో ఆంధ్రప్రదేశమున మఱియొక చట్టము దాని స్థానమున వచ్చెను. దానిలో కౌలుదారునకు కార్డు రావలెనన్న భూయజమాని యొడంబడిక పత్రముమీద సంతకము పెట్టవలెను. కౌలుదారు పేరు ఒకసారి కాగితమున కెక్కినచో భూమి చేజాఱునని యజమానికి భయము. గ్రామ కార్యాలయమున కాగితము సిద్ధముగా నుండును. కౌలుదారు యజమాని యింటికి పోయి యరుగుమీద కూర్చుండును; రేపు రమ్మందురు. వానలు పడి విత్తు పదును దాటును. ఆ యేటికి అతడు మరల అంగడివానియొద్దకే పోయి విత్తనము అరువు తెచ్చుకొనును.